దయామణి చేసిన ప్రార్థన మనవి

1982 జులై 14, బుధవారం. కూతురు ఎస్తేరుకు పదిహేడేళ్లు నిండిన ఆ రోజు దయామణి సెలవు పెట్టలేదు. ఉదయం ఆరింటికి మదనపల్లెలో తాను పనిచేసే ఆసుపత్రి బట్టల గదికి వెళ్లి, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగేలోపు నూట నలభై కట్టుగుడ్డలు ఉడికించి, ఆరేసి, చుట్టి డబ్బాల్లో సర్దింది.

సాయంత్రం ఐదింటికి ఇంట్లో పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక ఉంది. ఆసుపత్రి వెనక లైన్ ఇళ్లలో అది అందరూ చేసేదే. పాట, ప్రార్థన అయ్యాక తల్లి గానీ తండ్రి గానీ లేచి, గడిచిన ఏడాదిలో బిడ్డకు దేవుడు చేసిన మేళ్లు నెలల వారీగా చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. తగ్గిన జ్వరాలు, పాసైన పరీక్షలు, తేలు కుట్టబోయి తప్పిపోవడాలు అందులో వస్తాయి. ఆ తర్వాత పాస్టరు వాక్యం చెప్పి కేకు కోయిస్తాడు. దయామణి ఇప్పటికి పదహారు సాక్ష్యాలు చెప్పింది. పదిహేడోది ఏం చెప్పాలో డ్యూటీ దిగేటప్పటికి కూడా ఆమెకు తేలలేదు.

ఈసారి సాక్ష్యం మీద ఒక కాగితం ఆధారపడి ఉంది. ఎస్తేరు పద్దెనిమిది నెలల నర్సు శిక్షణకు దరఖాస్తు నింపింది. పదో తరగతి పాసై ఉండాలి, పదిహేడేళ్లు నిండాలి, సంఘ కాపరి ఇచ్చిన సత్ప్రవర్తన పత్రం జతచేయాలి. మొదటి రెండూ ఉన్నాయి. మూడోది పాస్టరు ఐజాక్ దగ్గర మూడు వారాలుగా ఆగిపోయింది. అమ్మాయి సంఘం ముందు తప్పు ఒప్పుకుంటేనే రాస్తానని ఆయన అన్నాడు. చేయని తప్పు ఒప్పుకోనని అమ్మాయి అంది. దరఖాస్తు చేరడానికి చివరి తేదీ జులై 20. పుట్టినరోజు కూడికలో తల్లి సాక్ష్యం చెప్పాక కూతురు లేచి నాలుగు మాటలు ఒప్పుకుంటే అక్కడికక్కడే సంతకం పెడతానని ఐజాక్ చివరికి ఒక దారి చూపించాడు. తన దృష్టిలో అది పెద్ద దయ.

ఎస్తేరు చేసిన తప్పేమిటో లైన్లో ప్రతి ఇంటికీ తెలుసు. అది జరగలేదన్న సంగతి తెలిసిన వాళ్లు ఆ లైన్లో ఇద్దరే. ఒకరు ఎస్తేరు, రెండో మనిషి దయామణి.

దయామణిది గుర్రంకొండ పక్క పల్లె. పంతొమ్మిదేళ్ల వయసులో ఆసుపత్రిలో ఆయాగా చేరింది. భర్త ఏసురత్నం అక్కడే కరెంటు పనిచేసేవాడు. 1973లో కామెర్లతో పోయాడు. అప్పటికి ఎస్తేరుకు ఎనిమిదేళ్లు. తర్వాత దయామణిని బట్టల గదికి మార్చారు. చీము, నెత్తురు అంటిన గుడ్డలు నానబెట్టి ఉతికే పని కాబట్టి అన్నం తినేటప్పుడు ఆమె పక్కన కూర్చోవడానికి నర్సులు ఇష్టపడేవాళ్లు కాదు. శుక్రవారం సాయంత్రం మాత్రం సంగతి వేరు. స్త్రీల సమాజానికి ఆమె ఎనిమిదేళ్లుగా సెక్రటరీ. ఆమె చేతిరాత గుండ్రంగా ఉంటుంది. మనవుల పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఒక్కొక్కరు లేచి, దేని కోసం ప్రార్థన చేయాలో చెబుతారు. ఆమె రాసుకునేదాకా డాక్టరు భార్య అయినా సరే ఆగాలి. జవాబు వచ్చిన మనవి పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడుతుంది.

ఆ లైన్లో ఎవరూ ఎవరి గురించీ చెడుగా మాట్లాడరు. వాళ్ల కోసం ప్రార్థన చేయమని అడుగుతారు. ఫలానా వాళ్ల అల్లుడు తాగుతున్నాడనీ, ఫలానా నర్సు ఎవరితోనో సినిమాకు వెళ్లిందనీ ఊరికి మొదట తెలిసేది శుక్రవారం మనవుల్లోనే.

1981లో ఎస్తేరు పుంగనూరులో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. ఆగస్టు 22, శనివారం, దయామణి ఎవరికీ చెప్పకుండా కూతుర్ని చూడడానికి బయల్దేరింది. సాయంత్రం ఐదింటికి బస్సు దిగి మసీదు పక్క వీధి దాటుతుండగా, ఆ వీధిలోంచి ఎస్తేరు బయటికి రావడం కనిపించింది. వెనక నాలుగడుగుల దూరంలో ఒక కుర్రవాడు సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. దయామణి పిలవలేదు, అడగలేదు. తెచ్చిన కారాబూందీ పొట్లం సంచిలోంచి తీయకుండానే తిరుగు బస్సు ఎక్కింది.

ఆ తర్వాతి శుక్రవారం ఆమె తన మనవి తానే చెప్పి, తానే రాసుకుంది.

శుక్రవారం మదనపల్లెలో చెప్పిన మాట ఆదివారానికి పుంగనూరు చేరింది. తీసుకువెళ్లింది ఒక నర్సు చెల్లెలు. బుధవారానికి హాస్టల్ వార్డెన్ చెవిన పడింది. మదనపల్లె సంఘమంతా ఈ అమ్మాయి కోసం మోకాళ్ల మీద ఉందంటే ఊరికే ఉండదని వార్డెన్ అనుకుంది. సెప్టెంబరు 3న ఎస్తేరును ట్రంకుపెట్టెతో సహా బస్సెక్కించారు. తప్పు లేకపోతే హాస్టల్ వాళ్లు ఎందుకు పంపిస్తారని మదనపల్లె సంఘం అనుకుంది. ఈ రెండు ఊళ్లూ ఒకదాన్ని చూసి ఒకటి నమ్మాయి. మధ్యలో అమ్మాయిని అడిగిన వాళ్లు లేరు.

ఇంటికి వచ్చిన రోజు ఎస్తేరు తల్లికి సంగతి చెప్పింది. శనివారాలు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా హాస్టల్ పిల్లలను సబ్బులు, పెన్సిళ్లు కొనుక్కోవడానికి బయటికి వదిలేవాళ్లు. ఆ రెండు గంటలూ ఆమె మైమూన్ బీ అనే ముసలామె ఇంట్లో కుట్టు మిషను నేర్చుకునేది. కాజాలు కుట్టి పెడితే ఆమె రవిక కటింగు నేర్పేది. ఆరు శనివారాలు వెళ్లింది. దయామణి విన్నది. విని, మరుసటి వారమే కూతుర్ని కుప్పంలో తమ్ముడు దేవసహాయం ఇంటికి పంపించింది.

దేవసహాయం కుప్పం రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మంచివాడే గానీ ఇంట్లో మాట అతనిది కాదు. భార్య ఎస్తేరును కొళాయికి కూడా ఒంటరిగా పంపేది కాదు. మొదటి ఆదివారమే అక్కడి సంఘంలో లేచి, మదనపల్లె నుంచి వచ్చిన పాప కోసం ప్రార్థన చేయమని అడిగింది. బడిలో చుట్టూ పిల్లలు తమిళం మాట్లాడుకునేవాళ్లు. ఎస్తేరు వెనక బెంచీలో కూర్చుని లెక్కలు చేసుకునేది. డిసెంబరులో టైఫాయిడ్ వచ్చి ఇరవై రెండు రోజులు పడుకుంది. దయామణి వెళ్లి రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ కూతురు గోడ వైపు తిరిగే ఉంది. తిరిగి వచ్చాక దయామణి శుక్రవారం కూడికలో బిడ్డ హృదయం కఠినమైందని చెప్పి, అది కూడా పుస్తకంలో రాసుకుంది. ఈస్టరుకు నిర్ధారణ తీసుకుని సంఘంలో పూర్తి సభ్యురాలు కమ్మని అడిగితే ఎస్తేరు రానని కబురు పంపింది. జూన్‌లో ఫలితాలు వచ్చాయి. సెకండ్ క్లాసులో పాసైంది. దాని కోసం సంఘంలో ఎవరూ స్తుతి చెల్లించలేదు.

ఇవన్నీ ఆ సాయంత్రం దయామణి మేళ్లుగా చెప్పాలి.

ఆమె రెండున్నరకు ఇంటికి వచ్చేసరికి ఎస్తేరు వసారాలో చాపలు దులుపుతోంది. కుప్పం నుంచి వచ్చి నెలైంది. అవసరానికి తప్ప మాట్లాడదు.

"అయ్యగారికి కుర్చీ యాడేస్తాండావు?" అని దయామణి అడిగింది.

"నీకు యాడ గావల్లో సెప్పు, ఆడేస్తా."

"కొత్త చీర కట్టుకో పో. ఈ దినమన్నా మొగం బాగా పెట్టు."

"ఈ దినం ఏం సెప్తావు నువ్వు?"

"దేవుడు ఏం చెప్పిస్తే అది చెప్తా."

"పోయిన ఆగస్టులో గూడా ఆయనే సెప్పించినాడా?"

దయామణి చెంబుతో నీళ్లు తీసుకుని కాళ్లు కడుక్కుంది. "నాలుగు మాటలు అనేస్తే అయిపోతాది. అయ్యగారు సంతకం పెడతాడు. నీ దోవన నువ్వు పోతావు. యాల మొండికేస్తావు?"

"నాలుగు మాటలు నువ్వే అను. నీకు అలవాటు ఉండాది."

అప్పుడే గేటు చప్పుడైంది. నల్ల బురఖా నెత్తిన పైకి ఎత్తి పెట్టుకున్న ఒక ముసలామె లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి ఉంది. పుంగనూరు బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, వసారా గుంజకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

"ఎస్తేరు అమ్మవి నువ్వేనా?"

"అవును. నువ్వెవరు?"

"నన్ను ఎరగవా? పది నెల్లుగా మా ఇంటి మీద మీరంతా దువా సేస్తాండారంట గదా. ఆ ఇంటిదాన్ని. మైమూన్ బీ."

దయామణి కూతురి వైపు చూసింది. ఎస్తేరు స్టూలు తెచ్చి వేసి, "కూసో మా. నీళ్లు తెస్తా," అని లోపలికి వెళ్లింది.

"ఈ దినం మాకు కూడిక ఉండాది. ఇంగో దినం రా అమ్మా," అంది దయామణి.

"కూడికకే వచ్చినా. నీ బిడ్డ జాబు రాసింది రమ్మని." మైమూన్ బీ కూర్చుంది. "మా ఇంట్లో మొగోడంటే మా ఆయన ఒకడే. అరవై ఎనిమిదేండ్లు. రెండు కండ్లలో పొర. సైకిలు ఎక్కిస్తే దించేదానికి ఇద్దరు పట్టుకోవల్ల. ఆయనేనా నీ బిడ్డను వల్లో ఏసుకునింది?"

"నేను ఎవరి పేరూ చెప్పలే."

"పేరు సెప్పింటే బాగుండు. ఆ పేరుగలోడు ఒకడే సెడిపోతుండె. నువ్వు వీధి సెప్పినావు. తొమ్మిది మంది ఆడపిల్లలు వస్తాండిరి నా దగ్గరికి, మీ వాళ్లు, మా వాళ్లు. ఇప్పుడు ఇద్దరొస్తారు. ఆ ఇద్దరూ నా మనవరాండ్లు."

"అది నా వల్లే అయిందని ఎట్లంటావు?"

"నీ వల్ల గాదులే. మీ దేవుని వల్ల అయింది. నేను ఆయన్ను అడిగేదానికి లేదు గదా, నిన్ను అడుగుతాండా."

ఎస్తేరు నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. తల్లి వైపు తిరిగి గొంతు పెంచకుండా చెప్పింది. "నువ్వు లేసి ఉన్నది సెప్తే ఈమె గమ్మున కూసోని టీ తాగి పోతాది. నువ్వు సెప్పకుంటే ఈమె లేసి సెప్తాది. నేను మాత్రం లెయ్యను."

"తల్లిని బెదిరిస్తావా మే?"

"బెదిరించేది గాదు. ముందర సెప్తాండా. నువ్వు నాకు ముందర సెప్పలే."

ఐదింటికి ముప్ఫై మంది దాకా వచ్చారు. ఆడవాళ్లు లోపల చాపల మీద, మగవాళ్లు వసారాలో కూర్చున్నారు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు శాంతమ్మ గోడకు ఆనుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమె ఆపరేషన్ వార్డులో పెద్ద నర్సు. లైన్లో ఎవరింట ఏం జరగాలన్నా ఆమె మాట ఉంటుంది. గడప పక్కన స్టూలు మీదున్న మైమూన్ బీని చూసి, "ఎవరమ్మా ఆమె?" అని అడిగింది.

"పుంగనూరు నుంచి వచ్చినారు. నాకు కుట్టు నేర్పినామె," అంది ఎస్తేరు.

శాంతమ్మ పక్కనున్న ఆమె చెవిలో ఏదో చెప్పింది. అది చాపల మీదుగా వెనక గోడ దాకా పోయి వసారాలోకి వెళ్లింది. పాస్టరు ఐజాక్ తలెత్తి చూసి, మళ్లీ దించుకుని పాట నంబరు చెప్పాడు. ఎస్తేరు దరఖాస్తు ఆయన బైబిలులో మడిచి ఉంది, అంచు బయటికి కనిపిస్తోంది.

పాట, ప్రార్థన అయ్యాక దయామణి లేచింది.

"దేవుని నామానికి స్తోత్రం. పోయిన జులైలో నా బిడ్డ మంచి మార్కులతో పదో తరగతికి వచ్చింది. పుంగనూరు హాస్టల్లో ఇడిసినాను. అది దేవుడు చేసిన మేలు."

"ఆమెన్," అన్నారు.

"ఆగస్టులో..." అని ఆగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. మళ్లీ "ఆగస్టులో" అంది.

శాంతమ్మ సాయం చేయబోయింది. "ఆగస్టులో శోధన వచ్చింది. సెప్పు దయామణీ. సిగ్గుపడేది ఏముండాది, అందరం ఒక కుటుంబం."

గడప దగ్గర స్టూలు కదిలిన చప్పుడైంది. మైమూన్ బీ లేచి నిలబడింది.

దయామణి ఆ వైపు చూసింది. అలమారా దగ్గరికి వెళ్లి మనవుల పుస్తకం తెచ్చింది. పేజీ వెతకాల్సిన అవసరం రాలేదు.

"ఆగస్టు ఇరవై ఎనిమిది. నేను రాసింది సదువుతా. 'దయామణి కుమార్తె ఎస్తేరు. పుంగనూరులో మసీదు వీధిలో అన్యుడైన ఒక యువకుని వలలో పడినది. విడుదల కొరకు.'" పుస్తకం మూసి వేలు మధ్యలో పెట్టుకుంది. "దీంట్లో ఎస్తేరు నిజం. పుంగనూరు నిజం. మసీదు వీధి నిజం. యువకుడు లేడు."

పాస్టరు కళ్లజోడు తీశాడు. "లేడంటే?"

"లేడయ్యా. నేను సూసింది ఒక సైకిలు. వాడెవడో వాని దోవన వాడు పోతాండె. ఇది దీని దోవన వస్తాండె. ఆడ నిలబడి ఒక మాట అడిగింటే అయిపోతుండె. అడగలే. బస్సెక్కేసినా."

"మరి యువకుడని యాల రాస్తివి?" శాంతమ్మ గొంతులో కుటుంబం పోయింది.

"ఆ శుక్రవారం నువ్వు మీ మరిదికి కిడ్నీ చెడిపోయిందని సెప్తివి. నీ పక్కనామె అన్నగారి ఇల్లు కాలిపోయిందని సెప్పె. వాటి ఎనకాల నేను లేసి, నా బిడ్డ సాయంత్రం పూట వీధిలో కనపడిందంటే ఎవరు మోకాళ్లూంతారు? ఆమెన్ అని ఇంగొకరి దగ్గరికి పోతుంటిరి. అందుకని ఒక మొగోణ్ని జత సేసినా. మీరు నలభై నిమిషాలు ప్రార్థన సేస్తిరి. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యేసె. నా మొగుడు పొయినప్పుడు గూడా ఎవరూ అంతసేపు సెయ్యలే."

వసారాలో ఎవరో నవ్వారు. ఐజాక్ అటు చూస్తే ఆగింది.

"మేము నువ్వు సెప్పింది నమ్మినాము. మా మీద యాల పెడతావు?" అంది శాంతమ్మ.

"నమ్మి ఊరుకుంటిరా అక్కా? ఐదు దినాల్లో పుంగనూరు వార్డెన్ చెవికి ఎట్ల పోయింది మాట? హాస్టల్ వాళ్లు బిడ్డను పంపించేస్తే నువ్వే అంటివి, విడుదల వచ్చింది గదా, టిక్కు పెట్టు అని. పెట్టినా. ఇదో ఎర్రగా ఉండాది, సూడు."

శాంతమ్మ చూడలేదు.

"నీకు నిజం ఎప్పుడు తెలిసింది దయామణమ్మా?" అని ఐజాక్ అడిగాడు.

"బిడ్డ ట్రంకుతో దిగిన దినమే తెలిసిందయ్యా. అది నిద్దరపోతాంటే పెట్టంతా ఎతికినా. కత్తిరించిన గుడ్డలు, కాజాలు కుట్టిన పట్టీలు ఉండాయి. అంతకు మించి ఏమీ లే."

"తెలిసీ పది నెలలు గమ్మునుంటివా?"

"సెక్రటరీ పుస్తకంలో అబద్ధం రాసిందంటే మీరు నన్ను యాడ పెడతారు? బట్టల గదిలో పెడతారు. ఆడ నేను ముందరే ఉండా. ఆ శుక్రవారం గూడా పోతే నాకు ఏముండాది?"

మైమూన్ బీ మళ్లీ స్టూలు మీద కూర్చుంది. "ఆగస్టు అయిపోయింది. ఇంగ సెప్టెంబరు సెప్పు," అంది.

దయామణి సెప్టెంబరు చెప్పబోయింది. కుప్పం పేరెత్తగానే ఎస్తేరు కూర్చున్న చోటు నుంచే, "సాలు," అంది. "టైఫాయిడ్ తగ్గించినాడని సెప్పొద్దు. ఆ కత నేను ఈడ యినలేను."

ఇక వాక్యం చెప్పే పరిస్థితి లేదు. ఐజాక్ ముగింపు ప్రార్థన చేశాడు, రెండు నిమిషాల కంటే తక్కువ. ఆ తర్వాత ఎస్తేరు ఆయన ముందుకు వెళ్లి చెయ్యి చాపింది.

"కాగితం ఇయ్యండి అయ్యగారూ."

"ఇస్తానమ్మా. అయితే ఈ మాట ముప్పై మంది ముందర అయింది. ముందరి మాట మొత్తం సంఘంలో పొయింది. ఆదివారం మీ అమ్మ ఆరాధనలో ఇదే సెప్పల్ల. సోమవారం రాసిస్తా."

"సోమవారం పంతొమ్మిది. మంగళవారం కడా దినం. పోస్టులో ఎట్ల చేరతాది?"

"క్రమం అనేది ఒకటి ఉండాది గదా."

"నన్ను హాస్టల్ నుంచి తరిమేటప్పుడు ఏ క్రమం ఉండె? ఆ పొద్దు ఎవరన్నా ఆదివారం దాకా ఆగినారా?"

ఐజాక్ చెప్పులు వెతుక్కున్నాడు. శాంతమ్మ అప్పటికే వెళ్లిపోయింది, ఆమె వెనక పది మంది ఆడవాళ్లు వెళ్లారు. బేకరీ నుంచి తెచ్చిన కేకును ఎస్తేరు పాట లేకుండానే ముక్కలు కోసి ఉన్నవాళ్లకు పంచింది. తల్లికి పళ్లెంలో పెట్టి కుర్చీ మీద ఉంచింది గానీ చేతికి ఇవ్వలేదు. మైమూన్ బీ రెండు గ్లాసుల టీ తాగింది. రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుని సంచిలో వేసుకుంది.

"ఇంత సేపటికి ఒక మాట వచ్చింది నీ నోట్లోంచి," అంది దయామణితో, గేటు దగ్గర. "రాకుండా పోయిన ఆ పిల్లల ఇండ్లకు గూడా పోయి సెప్తావా?"

"ఆదివారం గుళ్లో సెప్తా గదా."

"మా వీధోళ్లు మీ గుడికి రారు," అని ఆమె బస్టాండు వైపు నడిచింది.

దయామణి తనంతట తాను చెప్పిందా, స్టూలు కదిలింది కాబట్టి చెప్పిందా అన్న దాని మీద లైన్లో చాలా రోజులు వాదనలు జరిగాయి. ఆమెను నేరుగా అడిగిన వాళ్లకు, "మీకు ఏది కావల్లో అది రాసుకోండి," అని జవాబిచ్చేది.

ఆదివారం ఆరాధనలో ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి మరిది కిడ్నీ సంగతి ఎత్తవద్దని శాంతమ్మ ముందే కబురు పెట్టింది. ఎత్తలేదు. ఆ సాయంత్రం సమాజం వాళ్లు వచ్చి పుస్తకం, ఎర్ర పెన్సిలు తీసుకుపోయారు. సోమవారం ఉదయం ఐజాక్ ఆరు వరసల పత్రం రాసి సంతకం పెట్టాడు. ఈ అమ్మాయి మీద సంఘానికి ఎలాంటి ఫిర్యాదూ లేదని అందులో ఉంది. ఫిర్యాదు ఎలా పుట్టిందో, ఎలా పోయిందో లేదు.

శిక్షణ ఇచ్చే ఊరికి రెండు బస్సులు మారాలి. మంగళవారం తెల్లవారి ఐదున్నర బస్సుకు ఎస్తేరు బయల్దేరింది. దయామణి చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చింది.

"ఒకదానివే అంత దూరం యాడ పోతావు? నేను వస్తా."

"వద్దులే. నువ్వొస్తే ఆడ గూడా ఎవరో ఒకరి దగ్గర నా కోసరం ప్రార్థన సెయ్యమంటావు."

దయామణి అక్కడే ఆగిపోయింది. ఆరింటికి ఆమెకు డ్యూటీ ఉంది.

దరఖాస్తు పదకొండు గంటల నలభై నిమిషాలకు ఆఫీసులో అందింది. ఆగస్టు రెండో వారంలో సీటు వచ్చింది. పద్దెనిమిది నెలల్లో ఎస్తేరు ఇంటికి రెండు కార్డులు రాసింది. ఒకటి పదో తరగతి సర్టిఫికెట్ నకలు పంపమని, రెండోది శిక్షణ ఫిబ్రవరిలో అయిపోతుందని.

1984 మార్చిలో బి.కొత్తకోట పక్కన ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. మందుల పెట్టె నింపుకోవడానికి నెలకోసారి మదనపల్లె ఆసుపత్రికి రావాలి. మందుల స్టోరు బట్టల గదికి ఎదురుగానే ఉంది. మొదటి ఏడాది ఆమె స్టోరుకు పన్నెండు సార్లు వచ్చింది. ఇంటికి మూడుసార్లు.